పుచ్చిన పన్నుకి రూట్ కెనాల్ అన్నారా? ఒప్పుకునే ముందు ఇవి చూసుకోండి

"రూట్ కెనాల్ చేయించుకోమన్నారండీ, నిజంగా అవసరమేనా?" అంటూ ఫోన్‌లో ఎక్స్‌రే ఫొటో తీసి చూపించేవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. రూట్ కెనాల్ అంటే పంటి లోపలి నరమంతా తీసేసి, వేర్లలోని సన్నటి కాలువల్ని శుభ్రం చేసి నింపే చికిత్స. నేను తెనాలిలో పళ్ల డాక్టర్ని. పళ్ల వైద్యంలో పీజీ అయిన ఎండీఎస్‌లో చదివింది పంటి లోపలి పల్ప్‌కి, వేర్లకి సంబంధించిన వైద్యమే. ఆ ఒక్క ఫొటో చూసి అవుననో కాదనో చెప్పెయ్యమంటారు. అలా చెప్పడం కుదరదు. పుచ్చు ఎంత లోతుకి పోయిందో ఎక్స్‌రేలో తెలుస్తుంది గానీ, లోపలి పల్ప్ బతికుందో చచ్చిపోయిందో తెలియదు. అది తేలకుండా ఏ చికిత్స మంచిదని మాట్లాడుకున్నా ఉపయోగం లేదు. అందుకే ఎవరైనా మీకు చికిత్స పేరు చెప్పగానే ఖర్చు గురించి అడక్కండి. "నా పన్ను ఏ దశలో ఉందండీ? ఏ పరీక్ష చేసి తేల్చారు?" అని అడగండి. సరిగ్గా పరీక్ష చేసిన డాక్టరు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు, వివరంగా చెబుతారు.

పంటికి పైన ఎనామెల్, దాని కింద డెంటిన్, నడిమధ్య పల్ప్ ఉంటాయి. మనవాళ్లు నరం అనేది ఈ పల్ప్‌నే. అందులో నరాలతో పాటు రక్తనాళాలు, డెంటిన్‌ని కట్టే కణాలు కూడా ఉంటాయి. చుట్టూ గట్టి గోడలే కాబట్టి పల్ప్ వాస్తే సాగడానికి చోటుండదు. పంటి పోటు అంత భయంకరంగా ఉండేది అందుకే.

ఈ పల్ప్‌ని అసలు చంపేదేమిటి? 1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు పరిశోధకులు ఎలుకల దవడ పళ్లకి రంధ్రం చేసి, పల్ప్‌ని బయటపెట్టి, ఏమీ పూయకుండా అలాగే వదిలేశారు. మామూలు ఎలుకల్లో పల్ప్ కుళ్లి వేరు చివర చీము పట్టింది. సూక్ష్మక్రిములు లేని గదుల్లో పెంచిన ఎలుకల్లో మాత్రం, ఆ రంధ్రంలో తిండి ఇరుక్కున్నా సరే, పల్ప్ బతికింది. పైగా తన మీద తానే కొత్త డెంటిన్ పొర కట్టుకుంది. క్రిములు చేరకుండా చూస్తే పల్ప్‌కి కోలుకునే శక్తి ఉందని దాంతో రుజువైంది. ఇప్పుడు మేం చేసే ప్రతి పల్ప్ చికిత్సా దీని మీదే ఆధారపడింది. క్రిములున్న భాగం తీసెయ్యాలి, బతికున్న భాగం వీలైనంత మిగల్చాలి, మళ్లీ క్రిములు దూరకుండా గట్టిగా మూసెయ్యాలి. మీకు చెప్పిన చికిత్స మంచిదా కాదా అన్నది కూడా ఈ మూడింటి లెక్కలోనే చూడండి.

ముందు మీ నొప్పిని మీరు గమనించండి

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి: నొప్పి దేనివల్ల మొదలవుతోంది, ఎంతసేపు ఉంటోంది, రాత్రి నిద్ర లేపుతోందా, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు. మాత్ర సంగతి తప్పకుండా చెప్పాలి. నొప్పి మాత్ర పనిచేస్తున్నప్పుడు చేసే పరీక్షలు తప్పుదారి పట్టించవచ్చు.

చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమని, నీళ్లు మింగిన కొన్ని సెకన్లలోనే పోతే, పల్ప్ కాస్త చికాకు పడిందంతే. పుచ్చు తీసి సిమెంటు పెడితే చాలావరకు కోలుకుంటుంది. ఈ దశలో రూట్ కెనాల్ అంటే, ఎందుకో గట్టిగా అడగాల్సిందే.

చల్లటిదో వేడిదో తగిలాక నొప్పి నిమిషాల తరబడి ఉండిపోవడం, ఏమీ తినకపోయినా దానంతటదే మొదలవడం, పడుకోగానే సలపడం, ఇవన్నీ పల్ప్ బాగా వాచిందనడానికి గుర్తులు. కొందరు చల్లటి నీళ్ల సీసా పట్టుకుని, గుక్కెడు గుక్కెడు పుక్కిట పెట్టుకుంటూ మెట్లెక్కి వస్తారు. వేడి తగిలితే విలవిల్లాడటం, చల్లదనానికి ఉపశమనం కలగడం ఆ పల్ప్ చాలా దూరం వెళ్లిపోయిందనడానికి గుర్తు.

రెండు మూడు రోజులు ప్రాణం తోడేసిన పోటు ఒక్కసారిగా మాయమైందంటే సంబరపడకండి. చాలాసార్లు పల్ప్ చచ్చిపోయిందని దానర్థం. నొప్పి తెలిపే నరమే పోయింది కానీ క్రిములు పోలేదు. కొన్నాళ్లకి నమిలితే నొప్పి, పన్ను కొంచెం పైకి లేచినట్టు అనిపించడం, చిగురు మీద చిన్న పొక్కు, దాన్ని నొక్కితే చీము, నోట్లో అదోలాంటి రుచి మొదలవుతాయి. ఆ పొక్కు ఉన్నవాళ్లకి పెద్దగా నొప్పి ఉండదు. చీము బయటికి పోతోంది కాబట్టి లోపల ఒత్తిడి పెరగదు. అందుకే "నొప్పి లేదుగా" అని నెలల తరబడి వదిలేస్తారు. ఆ పొక్కుని తేలిగ్గా తీసుకోకండని చేతులు జోడించి చెబుతున్నాను.

ఇంకొక సంగతి. ఏ పన్ను నొప్పో మీరే ఖాయం చేసుకోకండి. కింది దవడ పన్ను పోటు చెవిలోకి లాగుతుంది, ఒక్కోసారి పై పన్నులో ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. ఎడమ వైపుది కుడి వైపుకి మాత్రం సాధారణంగా దాటదు.

కుర్చీలో జరగాల్సిన పరీక్షలు

పల్ప్ ప్రాణం తెలుసుకోవడానికి సులువైన పరీక్ష చల్లదనం. పన్నుని తుడిచి ఆరబెట్టి, చల్లటి స్ప్రే కొట్టిన దూది ఉండని దానికి ఆనిస్తాం. నేను ముందు అవతలి వైపున్న మంచి పన్నుకి పెడతాను, మామూలు స్పందన ఎలా ఉంటుందో పేషెంటుకీ నాకూ తెలియాలి కదా. తర్వాత అనుమానమున్న పన్నుకి పెట్టి, చెయ్యెత్తమని చెప్పి, దూది తీశాక ఆ చెయ్యి ఎంతసేపటికి దిగుతుందో చూస్తాను. వెంటనే దిగితే మంచి కబురు. పైన ఉండిపోతే వాపు. అసలు చెయ్యి లేవకపోతే పల్ప్ చచ్చిపోయి ఉండవచ్చు. వయసు మళ్లినవాళ్లలో, క్యాప్ ఉన్న పళ్లలో, వేరు ఇంకా పూర్తిగా పెరగని పిల్లల పళ్లలో ఈ పరీక్ష తికమక పెట్టవచ్చు కాబట్టి ఒక్కదాన్నే నమ్ముకోం.

తర్వాత అద్దం పిడితో పన్ను మీద మెల్లగా తట్టి చూడాలి. నొప్పెడితే వేరు చుట్టూ వాపుంది. చిగురు మీద వేలితో నొక్కి చూడాలి. సన్నటి కొలపుల్లతో పన్ను చుట్టూ చిగురు లోతు కొలవాలి. చుట్టూ బాగుండి ఒక్కచోట మాత్రం సన్నగా, లోతుగా దిగిపోతే పన్ను నిలువునా చీలిందేమోనని అనుమానించాలి. నిలువునా వేరుదాకా చీలితే ఎంత మంచి రూట్ కెనాల్ చేసినా నిలవదు. ఈ కొలత ముందే చేస్తే మీ డబ్బూ శ్రమా మిగులుతాయి.

ఎక్స్‌రే ఆ పన్ను ఒక్కదాన్నీ దగ్గరగా తీసింది కావాలి. ముఖమంతా పడే పెద్ద ఎక్స్‌రే ఒక్కటే చాలదు. వేరు చివర నల్లటి నీడ ఉంటే ఎముక కరుగుతోందని. కానీ ఎముకలోని ఖనిజం 30 నుంచి 50 శాతం పోతే గానీ ఆ నీడ సరిగా కనబడదు. కాబట్టి "ఎక్స్‌రే బాగానే ఉంది" అన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని కాదు. పరీక్షలూ మీ కథా ఎక్స్‌రే ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే, ప్రాణం మీదికి రాకపోతే, కొన్ని రోజులు ఆగి మళ్లీ చూడమని అడగడంలో తప్పు లేదు.

పల్ప్ బతికుంటే

పుచ్చు పల్ప్ దగ్గరి దాకా వచ్చినా, లక్షణాలు తేలికగా ఉంటే, చుట్టూ ఉన్న పుచ్చంతా శుభ్రంగా తీసి, పల్ప్‌కి మరీ దగ్గరగా ఉన్న కొద్ది మెత్తటి డెంటిన్‌ని అలాగే ఉంచి గట్టిగా మూసేస్తాం. "పుచ్చు లోపల వదిలేస్తారా!" అని కంగారు పడతారు. అడుగు దాకా గోకితే పల్ప్ బయటపడే ప్రమాదం ఎక్కువ. పైన గాలి చొరబడనంత గట్టిగా మూస్తే కింద మిగిలిన క్రిములకి ఆహారం అందదు. యూరప్ ఎండోడాంటిక్ సొసైటీ 2019లో ఇచ్చిన సూచనలు కూడా లోతైన పుచ్చుకి ఇదే దారి చెబుతున్నాయి.

పల్ప్ బయటపడితే దాని మీద మందు పూసి మూయడమా, పై భాగం కత్తిరించి కిందిది కాపాడటమా, మొత్తం తీసెయ్యడమా అన్న ప్రశ్న వస్తుంది. దీనికి జవాబు చాలావరకు రక్తమే చెబుతుంది. ఎలాగో ఒక పిల్లవాడి పన్నుతో చెబుతాను.

ఎనిమిదేళ్లవాడు. కింది దవడ చివరి పన్ను పుచ్చి, చల్లటివి తింటే ఏడుస్తున్నాడు. "పాల పన్నే కదా మేడమ్, పీకేయండి, మళ్లీ వస్తుంది" అంది వాళ్లమ్మ. "కాదమ్మా, ఇది ఆరేళ్లకి పాల పళ్ల వెనక వచ్చే శాశ్వత పన్ను. దీని కోసం ఏ పాల పన్నూ ఊడదు, అందుకే ఎప్పుడొచ్చిందో ఇంట్లో తెలియదు. ఇది పోతే ఇంకోటి రాదు" అని చెప్పాను. ఎక్స్‌రేలో వేర్ల చివరలు ఇంకా తెరుచుకునే ఉన్నాయి. ఇప్పుడు పల్ప్ మొత్తం తీసేస్తే ఆ వేరు పెరగడం అక్కడితో ఆగిపోతుంది. గోడలు పల్చగా ఉండిపోయి ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది.

మత్తిచ్చి, పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే రబ్బరు షీటు బిగించి, పుచ్చు తీస్తుంటే పల్ప్ గులాబీ రంగు చుక్కలా కనిపించింది. నీళ్లు పడుతుండగా కొత్త డైమండ్ బర్ (డ్రిల్ మొన)తో పంటి పైభాగపు గదిలో ఉన్న పల్ప్ తీసేశాను. వేర్లలోకి దిగే చోట్ల ఎర్రటి రక్తం ఊరింది. క్రిముల్ని చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో తడిపిన దూది దాని మీద అదిమి ఉంచి ఆగాను. ఈ ఆగడమే అసలు పరీక్ష. దూది తీస్తే కొంచెం చెమ్మ. మళ్లీ పెట్టి ఆగాను. ఈసారి తీస్తే వేర్ల నోళ్ల దగ్గర పల్ప్ లేత గులాబీగా, ఆరి, కదలకుండా ఉంది. పది నిమిషాల లోపు ఇలా ఆగితే కింది పల్ప్ ఆరోగ్యంగా ఉందని నమ్మవచ్చు. ముదురు రంగు రక్తం ఆగకుండా ఊరుతూనే ఉంటే వాపు లోపలికి దిగిందని అర్థం. అసలు రక్తమే రాకపోతే అక్కడి పల్ప్ చచ్చిపోయింది. ఆ పిల్లవాడికి ఎంటీఏ అనే సిమెంటు లాంటి మందు పెట్టి పైన గట్టిగా మూశాం. తర్వాత తీసిన ఎక్స్‌రేల్లో వేర్లు పెరిగి చివరలు మూసుకున్నాయి.

ఈ పద్ధతి పేరు పల్పాటమీ. ఇందులో వాడే మందు ఏమిటో అడగండి. కాల్షియం హైడ్రాక్సైడ్ 1920ల నుంచి వాడుతున్నదే, చవక, కానీ కాలక్రమంలో కరుగుతుంది, దాని కింద కట్టే పొరలో సందులుంటాయి. 1993లో కాలిఫోర్నియాలోని లోమా లిండా యూనివర్సిటీలో మహమూద్ తొరాబినెజాద్ బృందం పరిచయం చేసిన ఎంటీఏ అంతకంటే గట్టిగా మూస్తుంది. కాకపోతే గట్టిపడటానికి దాదాపు మూడు గంటలు పడుతుంది, ముందు పళ్లలో వాడితే రంగు మారే ప్రమాదం ఉంది. తర్వాత వచ్చిన బయోడెంటిన్ సుమారు 12 నిమిషాల్లో గట్టిపడుతుంది. ఖర్చు ఎక్కువే, అయినా పల్ప్ కాపాడే చికిత్సలో మందు దగ్గర పొదుపు చెయ్యొద్దని నా సలహా. పాల పళ్లకి దశాబ్దాలుగా ఫార్మోక్రెసాల్ వాడేవారు. అందులో ఉండే ఫార్మాల్డిహైడ్‌ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో క్యాన్సర్ కారకంగా తేల్చింది. మా అబ్బాయి పంట్లో అదే పెడతామంటే నేనైతే వేరే మందు అడుగుతాను.

పల్పాటమీ పిల్లలకే అని ఇదివరకు అనుకునేవాళ్లం. ఇప్పుడు ఆ అభిప్రాయం మారుతోంది. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఎండోడాంటిస్ట్స్ 2021లో ఇచ్చిన ప్రకటన ప్రకారం, కోలుకోదనుకున్న వాపు లక్షణాలున్నా, తెరిచి చూసి రక్తం ఆగితే, పెద్దవాళ్లలో కూడా దీన్ని ఆలోచించవచ్చు. రాత్రిళ్లు సలిపిందనగానే రూట్ కెనాలే దిక్కని ఇప్పుడు అనలేం. అలాగని పల్పాటమీ చేసిన ప్రతి పన్నూ నిలుస్తుందనీ కాదు. తర్వాత పనిచేయకపోతే రూట్ కెనాల్ చేసే దారి ఇంకా ఉంటుంది. ఎంపిక మీ డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

పల్ప్ చచ్చిపోతే

చల్లదనానికి స్పందన లేదు, తడితే నొప్పి, వేరు చివర నీడ లేదా చిగురు మీద పొక్కు ఉంది. వేరు పూర్తిగా పెరిగిన పన్నుకి ఇక రూట్ కెనాల్ లేదా పీకించుకోవడం, అంతే. ఇక్కడ పైన మందు పూసి మూసేస్తామంటే ఒప్పుకోకండి, క్రిములు లోపలే ఉండిపోతాయి.

రూట్ కెనాల్ ఎలా చేస్తున్నారన్నది ఎన్ని సిట్టింగులన్న దానికంటే ముఖ్యం. ఒకే సిట్టింగులో చేసినా రెండిట్లో చేసినా మానే విషయంలో పెద్ద తేడా లేదని పరిశోధనలు చెబుతున్నాయి. నేను చూడమనేవి వేరే. రబ్బర్ డ్యామ్ వేస్తారా? 1864 నుంచి ఉన్న ఈ రబ్బరు షీటు ఉమ్మిలోని క్రిములు పంట్లోకి దిగకుండా, సూదులూ హైపోక్లోరైట్ గొంతులోకి జారకుండా కాపాడుతుంది. దేనితో కడుగుతారు? ఉత్త సెలైన్ చాలదు, చచ్చిన కణజాలాన్ని కరిగించేది హైపోక్లోరైటే. వేరు పొడవు ఎలా కొలుస్తారు? వేరు చివర ఎక్కడుందో చూపే అపెక్స్ లొకేటర్ యంత్రంతో గానీ ఎక్స్‌రేతో గానీ కొలవాలి. పై దవడ మొదటి పెద్ద పన్నులో నాలుగో కాలువ తరచూ ఉంటుంది, దొరకడం కష్టం. అది వెతికారా అని అడగండి.

అయిపోయాక తీసిన ఎక్స్‌రే చూడండి. కాలువల్లో తెల్లగా కనబడే గట్టా పెర్చా (నింపే రబ్బరు లాంటి పదార్థం) వేరు చివరకి దగ్గరగా, రెండు మిల్లీమీటర్ల లోపు, మధ్యలో ఖాళీలు లేకుండా ఉండాలి. చివర దాటి బయటికి పోకూడదు. దవడ పళ్లకి క్యాప్ వాయిదా వెయ్యకండి. నొప్పి పోయింది కదా అని తాత్కాలిక సిమెంటుతో నెలలు గడిపితే అది అరిగి క్రిములు మళ్లీ దిగుతాయి, లేదంటే పన్నే విరుగుతుంది. రూట్ కెనాల్ నికరంగా మానిందా అని కఠినంగా లెక్కేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే విజయం 68 నుంచి 85 శాతం మధ్య ఉంది. "వంద శాతం గ్యారంటీ" అన్న మాట నేను చెప్పను, మీరూ నమ్మకండి.

పాల పళ్ల సంగతి వేరు. వేర్లు ఎలాగూ కరగాలి కాబట్టి వాటిలో గట్టా పెర్చా నింపకూడదు, వేరుతో పాటు కరిగే పేస్ట్ నింపాలి. పైన స్టీల్ క్యాప్ వెయ్యాలి. వెనక పాల పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. ముందే పీకేస్తే పక్క పళ్లు ఒరిగి, కింద నుంచి వచ్చే పన్నుకి చోటు లేకుండా చేస్తాయి. పీకక తప్పకపోతే ఖాళీ కాపాడే స్పేస్ మెయింటైనర్ అడగండి.

పీకించడమే సరైన దారి అయ్యే సందర్భాలూ ఉన్నాయి. వేరు చీలితే, చిగురు పైన క్యాప్ పట్టుకోడానికి రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను కూడా మిగలకపోతే, అక్కడ రూట్ కెనాల్‌కి డబ్బు పోయడం వృథా. పై పన్ను పీకిస్తే చూపు పోతుందని మాత్రం భయపడకండి. కంటి నరానికీ ఆ పంటి నరానికీ సంబంధం లేదు. గుండె జబ్బుకి రక్తం పల్చబరిచే మాత్రలు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపొద్దు. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే మందులు వాడుతుంటే తప్పక చెప్పండి, అలాంటివాళ్లకి పీకడం కంటే రూట్ కెనాల్ సురక్షితం.

యాంటీబయాటిక్, ఇంటి వైద్యం

మందుల షాపులో అమాక్సిసిలిన్ కొని మింగి నొప్పి తగ్గిందనుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చచ్చిన పల్ప్‌లోకి రక్తం వెళ్లదు, మందూ వెళ్లదు. బతికున్న పల్ప్ పోటుకి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. జ్వరం, నీరసం, ముఖం మీదికి పాకే వాపు ఉన్నప్పుడు దాని అవసరం ఉంది, అప్పుడు కూడా పంటి చికిత్సతో పాటే. లవంగ నూనె దూదితో పుచ్చులో పెడితే కాసేపు ఉపశమనం ఉంటుంది. ఆస్పిరిన్ మాత్ర మాత్రం చిగురు మీద పెట్టకండి, కాలి పుండు పడుతుంది.

గడ్డం కింద వాపు గట్టిపడి, నాలుక పైకి లేచి, మింగడం, నోరు తెరవడం, ఊపిరి కష్టమైతే అది క్లినిక్ పని కాదు, రాత్రయినా సరే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. కన్ను మూసుకుపోయేలా వాచినా అంతే. షుగర్ అదుపులో లేనివాళ్లు ఇంకా ముందే వెళ్లాలి.

ఖర్చు భారమైతే ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది గానీ పని ఓపిగ్గా చేస్తారు.

ఏ చికిత్స చేయించుకున్నా ముందు ఎక్స్‌రే, తర్వాత ఎక్స్‌రే కాపీలు ఇంటికి తెచ్చి దాచుకోండి, వాడిన మందు పేరు రాయించుకోండి. ఏడాదికి మళ్లీ ఒక ఎక్స్‌రే తీయించండి. వేరు చివర నీడ చిన్నదవుతూ ఉంటే కంగారు లేదు, పూర్తిగా మానడానికి నాలుగేళ్ల దాకా పట్టవచ్చు. పెరిగితే, లేదా పొక్కు మళ్లీ కనబడితే, పీకేస్తామన్న వెంటనే సరేననకండి. పాత గట్టా పెర్చా తీసి మళ్లీ శుభ్రం చేసే అవకాశం ఉందా, లేదంటే వేరు చివర కోసి మూసే చిన్న ఆపరేషన్ కుదురుతుందా అని అడిగి, ఆ రెండూ కుదరవని తేలాకే పన్ను వదులుకోండి.